ఆఖరి భాగంలో జలీలా

"మేయర్ని చంపరు, కావాలంటే రాసి పెట్టుకో," అన్నాడు లమ్జద్, గడ్డం నిండా సబ్బునురగతో. "చంపేస్తే వచ్చే రంజానుకి ఏం వేస్తారు, నా పెళ్లి వీడియోనా?"

శాద్లీ కత్తి పక్కకు తీసి ఆగాడు. ఫిలాసఫీ మాస్టారు నోరు తెరిస్తే ఎవరి పనైనా ఆగాల్సిందే, అందులోనూ గొంతు దగ్గర చేసే పని. లమ్జద్ హైస్కూల్లో పాఠం చెప్పేది కాసేపు. మిగతా పొద్దంతా శాద్లీ సెలూన్లో కూర్చుని "రేపు రా" మీద ఉపన్యాసం. ఉపవాసాల రోజుల్లో పొద్దు జరగడానికి ఐన్ జర్రా ఊళ్లో ఇంతకంటే మంచి ఉపాయం ఎవరికీ దొరకలేదు.

"రేపు రా" అంటే టీవీలో వచ్చే మున్సిపాలిటీ ఆఫీసు నవ్వుల సీరియల్. మూడేళ్లుగా ప్రతి రంజాన్లోనూ, సాయంత్రం మసీదులో బాంగు వినబడి నోట్లో ఖర్జూరం పడీ పడగానే మొదలవుతుంది. ఒక దొంగ మేయరు, కూర్చున్నచోటే నిద్రపోయే గుమాస్తా, ఏ కాగితం పట్టుకెళ్లినా "రేపు రా" అనే ఒక కిటికీ. ఊరు ఊరంతా శోర్బా సూపు గిన్నెల ముందు కూర్చుని తన కష్టాన్ని తనే చూసుకుని పడీపడీ నవ్వుతుంది. పొద్దున్నే లేచి వెళ్లి అలాంటి కిటికీ ముందే వరసలో నిలబడుతుంది. ఈ ఏటితో ఆ సీరియల్ సమాప్తం అన్నారు. ఇక చూడండి, ఆఖరి భాగంలో ఏం జరుగుతుందన్న బెంగ ముందు పండగ బట్టల బెంగ కూడా దిగదుడుపైపోయింది.

"చంపడాలెందుకయ్యా పండగపూట? నవ్వించి పంపిస్తే చాలదూ?" అన్నాడు బెంచీ మీంచి హసూనా. రైల్లో గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన. తలమీద కత్తిరించడానికి వెంట్రుక లేదు, అయినా సెలూన్ తలుపు తెరిచేది శాద్లీ అయితే లోపలికి మొదట అడుగుపెట్టేది ఆయనే.

"నవ్వించడానికి సర్కస్ ఉంది బాబాయ్. వ్యంగ్యం అంటే పేరు పెట్టి కొట్టడం. మూడేళ్లలో ఒక్క అసలు పేరు చెప్పారా వీళ్లు? ఒక్క మంత్రి పేరు? ఒక్క డాక్టరు పేరు? అంతా 'అనగనగా ఒక ఊళ్లో'. పిరికి సన్నాసులు! ఆఖరి భాగంలోనైనా నోరు విప్పి పేరు చెప్పాలి. చెప్పలేదో, నా పేజీ మూసేస్తా."

లమ్జద్ ఫోన్లో నడిపే అభిమానుల పేజీ అది. ఊళ్లో సగంమంది దాన్లోనే ఉన్నారు.

"అమ్మో, మీ పేజీ మూసేస్తే దేశం ఏమైపోతుంది మాస్టారూ!" అని నవ్వాడు నిజార్. పక్కనే ఫోన్లు బాగుచేసే కొట్టు అతనిది. గిరాకీ లేనప్పుడు ఇక్కడే ఉంటాడు, గిరాకీ ఉన్నప్పుడూ ఇక్కడే ఉంటాడు.

శాద్లీ బొటనవేలితో లమ్జద్ చెంప చర్మాన్ని చెవివైపు లాగిపట్టి, కత్తి వాలు సరిచూసుకుని, పై నుంచి కిందికి ఒక్క గీత గీశాడు. నురగని అరచేతి అంచుకి రాసుకున్నాడు. మళ్లీ ఒక గీత. ఆ ఆఖరి భాగం కోసం ఈ ఊళ్లో అందరికంటే ఎక్కువ ఎదురుచూస్తున్నది తనేనని వీళ్లెవరికీ తెలియదు. తెలిస్తే ఇంకేమైనా ఉందా, ప్రాణం తోడేసేవాళ్లు.

పోయిన వసంతంలో ట్యూనిస్ వెళ్లే వ్యాన్లో పక్క సీట్లో ఒక కుర్రాడు కూర్చున్నాడు. మాటల్లో "రేపు రా" రాసేవాళ్లలో తనొకణ్నని చెప్పాడు. ముక్కూమొహం తెలియనివాడు కాబట్టే కాబోలు, శాద్లీ కన్నకూతురితో కూడా సరిగ్గా మాట్లాడలేని సంగతి అతనికి చెప్పేశాడు. భార్య జలీలాని కడుపునొప్పితో మెలికలు తిరుగుతుంటే ఆస్పత్రి గేటు దాకా తీసుకెళ్లడం, డాక్టర్ ఫర్హాత్ తన సొంత క్లినిక్కి వెళ్లిపోయాడని గేటు మనిషి వెనక్కి పంపడం, మర్నాడు మళ్లీ వెళ్లడం, మళ్లీ అదే మాట, ఆ మర్నాటికి ఆమె లేకపోవడం. కుర్రాడు కళ్లు తుడుచుకున్నాడు. "ఇది ఆఖరి భాగంలో పెడతాను అన్నా. ఆ డాక్టర్ని పేరుతో సహా కడిగేస్తా, చూస్తూ ఉండు," అన్నాడు. ఆ మాట పట్టుకుని శాద్లీ ఏడాది గడిపాడు. ఊళ్లోవాళ్లకి జలీలా "జబ్బు చేసి పోయింది". అంతే. ఆ డాక్టరు ఇప్పుడు కౌన్సిల్లో పెద్దమనిషి కూడా. ఆమె ఎలా పోయిందో ఒక్కసారి అందరూ వినాలి, ఎవరివల్ల పోయిందో వినాలి. అంతకుమించి అతనికి ఏ కోరికా లేదు.

"ఇంకెంత సేపయ్యా?" అన్నాడు లమ్జద్.

"అయిపోయింది," అని పటికబిళ్ల తడిపి అతని మెడకి రాశాడు శాద్లీ.

ఇరవై తొమ్మిదో ఉపవాసం నాడే ఆఖరి భాగం వేసేశారు. ఆ రాత్రికి చంద్రుడు కనిపిస్తాడు, పొద్దున్నే పండగ, పండగనాడు టీవీ ముందు ఎవడు కూర్చుంటాడని చానల్ వాళ్ల లెక్క. రెండు రోజుల కథ ఒక్క రోజులోకి కుక్కారు.

శాద్లీ ఆ సాయంత్రం సెలూన్ పెందలాడే మూసి ఇంటికొచ్చాడు. కూతురు సిహెమ్ పల్చటి పిండిరేకులో గుడ్డు పెట్టి మడిచిన బ్రిక్కులు వేయిస్తోంది. గుడ్డు సొన కారకుండా అంచులు నొక్కి నూనెలోకి జార్చడం జలీలా దగ్గర నేర్చుకుంది, ఆ మణికట్టు తిప్పడం కూడా అచ్చం ఆమెదే. బాంగు అయింది. ఇద్దరూ ఖర్జూరం తిని నీళ్లు తాగారు. సీరియల్ పాట మొదలవగానే శాద్లీ చెంచా కింద పెట్టేశాడు.

"తినండి నాన్నా, చల్లారిపోతుంది."

"తింటాలే. నువ్వు చూడు."

సగం భాగం గడిచాక ఒక మనిషి తోపుడుబండి తోసుకుంటూ మున్సిపాలిటీలోకి వచ్చాడు. బండిమీద దుప్పటి కప్పుకున్న ఆడమనిషి. ఆస్పత్రిలో చేర్చుకోవాలంటే మున్సిపాలిటీ ముద్ర కావాలట. కిటికీలో గుమాస్తా "రేపు రా" అన్నాడు. బండి మనిషి గుండెమీద చెయ్యి వేసుకుని, వంగి, "నీ కన్నవాళ్లు చల్లగుండాలి!" అన్నాడు. వెనక డోలు మోగింది. బండి తిప్పుకుని వెళ్లాడు. మళ్లీ వచ్చాడు. మళ్లీ "రేపు రా". మళ్లీ గుండెమీద చెయ్యి, "నీ కన్నవాళ్లు చల్లగుండాలి!" ఈసారి డోలుతోపాటు సన్నాయి. కుర్చీకి చెప్పాడు, గోడకి చెప్పాడు, కాలు తొక్కిన పోలీసుకి చెప్పాడు. బండిమీది ఆడమనిషి దుప్పట్లోంచి లేచి కూర్చుని, "ఇంకొక్కసారి ఆ మాట అన్నావంటే నేను కాదు, నువ్వు పోతావ్!" అని చెప్పు విసిరింది.

ఆ మాట ఆ దేశంలో రోజుకి వందసార్లు అనని మనిషి లేడు. కాస్త జరగమనాలన్నా అదే, ఉప్పు అందుకోమన్నా అదే, అందిస్తే కృతజ్ఞతకీ అదే. అందులో నవ్వొచ్చేదేదో ఉందని ఆ సాయంత్రం దాకా ఎవరికీ తోచలేదు.

సిహెమ్ చేతిలో బ్రిక్కు అలాగే ఉండిపోయింది. "నాన్నా, ఇది..."

"చూడు."

చూశారు. చివర్లో మేయరు వచ్చాడు. బండిని చూసి కంటతడి పెట్టాడు. తప్పంతా గుమాస్తాదేనని తేలింది. మేయరు తన చేత్తోనే ముద్ర కొట్టాడు. ఆడమనిషికి నయమైపోయింది. అందరూ మేయర్ని భుజాలమీదికెత్తుకుని ఊరేగించారు. ఆడమనిషి కూడా చిందులేసింది. డాక్టరే లేడు. ఆస్పత్రి కనబడనే లేదు. చావు అసలే లేదు.

"మీరు చెప్పారా వాళ్లకి?" సిహెమ్ బ్రిక్కు పళ్లెంలో పెట్టేసింది. "అమ్మ సంగతి మీరే చెప్పారా?"

"చెప్పాను."

"నాకు చెప్పలేదే. గేటు దగ్గర మీరు ఏమన్నారో నాకు ఇన్నాళ్లూ చెప్పలేదే! టీవీ వాళ్లకి చెప్పారు!"

గేటు మనిషి పొమ్మంటే శాద్లీ నిజంగానే ఆ 'చల్లగుండాలి' మాట అన్నాడు. రెండుసార్లూ అన్నాడు. నోటికి అలవాటైన మాట, వచ్చేసింది. వ్యాన్లో కుర్రాడికి అది చెప్పింది ఏడుస్తూ. వాడికి అన్నీ పోయి అదొక్కటి గుర్తుండిపోయింది. సిహెమ్ గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. కుళాయి తిప్పిన చప్పుడు వినబడింది గానీ గిన్నెల చప్పుడు వినబడలేదు.

ఆ రాత్రి మళ్లీ సెలూన్ తెరవకపోతే బాగుండుననిపించింది. కానీ పండగ ముందు రాత్రి తలుపు మూసి ఉంచితే ఊరంతా ఏమైందని ఇంటికే వస్తారు. తాళం తీసేసరికే అరుగుమీద ముగ్గురూ ఉన్నారు.

"చూశావా? చూశావా?" అంటూ లమ్జద్ కుర్చీలో కూలబడ్డాడు. మనిషి మండిపోతున్నాడు. "మేయర్ని భుజాలమీద ఊరేగించారు! మూడేళ్లు తిట్టి ఆఖరికి కాళ్లు పట్టుకున్నారు. ఎవడో ఫోన్ చేసి ఉంటాడు పైనుంచి. అమ్ముడుపోయారు!"

"పండగపూట ఏడిపించలేదు, అదే పదివేలు," అన్నాడు హసూనా.

"నాకైతే ఆ తోపుడుబండి వాడు చాలు," అన్నాడు నిజార్. లేచి గుండెమీద చెయ్యి వేసుకుని, నడుం దాకా వంగి, అచ్చం ఆ నటుడిలాగే గొంతు సాగదీశాడు. "నీ కన్నవాళ్లూ... చల్లగుండాలీ!"

ముగ్గురూ పగలబడి నవ్వారు. తలుపు దగ్గర నిలబడ్డ కొత్తవాళ్లూ నవ్వారు. శాద్లీ లమ్జద్ మెడచుట్టూ గుడ్డ కట్టి, వెనక వెంట్రుకలు తడిపి, దువ్వెన మీదుగా కత్తెర ఆడించడం మొదలుపెట్టాడు. కత్తెర ఆడుతూ ఉంటే ఎవరూ మొహంకేసి చూడరు.

"వాడొక్కడే నిజం మనిషి ఆ సీరియల్లో," అన్నాడు లమ్జద్ అద్దంలోకి చూస్తూ, క్లాసులో చెప్పినట్టు. "కానీ ఒక్కమాట చెప్పనా? మేయరు కాదు దోషి. గుమాస్తా కాదు. వాడే. పెళ్లాం బండిమీద చస్తుంటే పొమ్మన్నవాడికి దండం పెట్టే మనిషి! కాలర్ పట్టుకోవద్దూ? అరవొద్దూ? ఇలాంటి గొర్రెలు ఉన్నంతకాలం ఆ మేయర్లు ఉంటారు. వాడి పెళ్లాం చచ్చినా నాకు జాలెయ్యదు."

"అది నిజమే," అన్నాడు హసూనా. "నేనైతే గేటు విరగ్గొట్టేవాణ్ని."

శాద్లీ కత్తెర ఆగింది. చెవి వెనక మెత్తని చోటు అది. ఆ చోట చర్మం ఎంత పల్చనో అతనికి తెలుసు. దువ్వెన జేబులో పెట్టి, మళ్లీ తీసి, పని సాగించాడు. గేటు ఎందుకు విరగ్గొట్టలేదు? ఏడాదిగా రోజూ పక్కమీద వాలగానే తనని తను అడుక్కునే మాట అది. విరగ్గొడితే లోపల డాక్టరు ఉంటాడా? అయినా అరవొచ్చు కదా. అరిస్తే ఎవరైనా వచ్చేవాళ్లేమో. జలీలా అతని భుజంమీద వాలి, "గొడవ వద్దు, ఇంటికి పోదాం," అంది. ఆమె అన్నదనే వెనక్కి తిరిగాడా, భయపడి తిరిగాడా? ఏడాదిగా అతనికే తేలలేదు. వీళ్లు ఇంతలో తేల్చేశారు.

అంతలో నిజార్ నేలమీద పడ్డ దువ్వెన తీసి అందించాడు. ఎప్పుడు పడిందో శాద్లీ చూసుకోలేదు.

"నీ కన్నవాళ్లు చల్లగుండాలి," అన్నాడు శాద్లీ, అలవాటుగా.

సెలూన్ దద్దరిల్లిపోయింది. హసూనా కళ్లు తుడుచుకున్నాడు. నిజార్ గోడకి ఆనుకుని కిందికి జారిపోయాడు. "అన్నా, నువ్వు వాడికంటే బాగా అన్నావ్! అన్నా, నీకు టీవీలో వేషం ఇవ్వాల్సింది!" శాద్లీ కూడా నవ్వాడు. అదే అతనికి తర్వాత అన్నిటికంటే ఎక్కువ సిగ్గనిపించింది. మొహం దానంతటదే నవ్వింది.

రోడ్డు మీద ఎవరో కేకేశారు. చంద్రుడు కనిపించలేదట, మతపెద్ద ముఫ్తీ ప్రకటించాడు. ఇంకో ఉపవాసం ఉంది.

"చంద్రుడికీ మున్సిపాలిటీ రోగం పట్టిందిరోయ్," అన్నాడు హసూనా. "రేపు రమ్మన్నాడు."

మర్నాడు మధ్యాహ్నానికి సెలూన్లో నిలబడ్డానికి చోటు లేదు. పండగ ముందురోజు ఐన్ జర్రాలో మగాళ్లందరికీ ఒకేసారి వెంట్రుకలు పెరుగుతాయి. బెంచీ నిండింది, అరుగు నిండింది. వీధి చివర బేకరీ పొయ్యిలో ఊరివాళ్ల పండగ మిఠాయిల ట్రేలు కాలుతున్న వాసన ఉపవాసం పొట్టల్ని మెలితిప్పుతోంది. శాద్లీ పొద్దుటినుంచి ఒక్కరికీ ఆ మాట అనలేదు. గుడ్డ అందిస్తే తలూపాడు, జరిగితే తలూపాడు. నోట్లోంచి ఒక పన్ను పీకేసినట్టు నాలుక ఊరికే ఆ ఖాళీలోకి పోతోంది. ఊళ్లోవాళ్లు మాత్రం ఆ మాటని అరిగిపోయేదాకా వాడారు. పిల్లలు గుండెమీద చెయ్యి వేసుకుని ఒకళ్లనొకళ్లు తోసుకుంటున్నారు. కూరలమ్మేవాడు బంగాళాదుంపలకి చెప్పాడు.

ఇంట్లో సిహెమ్ పొద్దున ఒక్కటే అడిగింది. "డాక్టరు పేరు కూడా చెప్పారా వాళ్లకి?" చెప్పానన్నాడు. "మరి?" అంది. అతను చెప్పులు వేసుకుని వచ్చేశాడు.

లమ్జద్ వంతు వచ్చేసరికి పొద్దు వాలింది. పండగకి నున్నగా గీయమని కుర్చీలో వెనక్కి వాలాడు. వేడి తువ్వాలు తీసి, బ్రష్షు గిన్నెలో తిప్పి, శాద్లీ నురగ పట్టించాడు. కుడిచెంప గీయడం పూర్తయింది. ఎడమవైపుకి తిరిగాడు.

అప్పుడు నిజార్ ఫోన్ పట్టుకుని మధ్యలోకి వచ్చాడు. "ఒక్క నిమిషం అందరూ! మాస్టారి పేజీకి వీడియో చేస్తున్నాం. ఒక్కొక్కళ్లు గుండెమీద చెయ్యి వేసుకుని ఆ మాట అనాలి. ఐన్ జర్రా నుంచి 'రేపు రా'కి వీడ్కోలు. హసూనా బాబాయ్, మొదలెట్టు."

హసూనా అన్నాడు. బెంచీ మీదివాళ్లు వరసగా అన్నారు. ఒకడు గొంతు మార్చి అన్నాడు, ఒకడు కన్నుకొట్టి అన్నాడు. లమ్జద్ నురగలోంచే గంభీరంగా అన్నాడు. ఫోన్ శాద్లీ దగ్గరికొచ్చింది.

"నువ్వే ఆఖరు అన్నా. నిన్నటిలాగా అనాలి. సహజంగా."

శాద్లీ కత్తి పట్టుకున్న చెయ్యి కిందికి దించాడు. అరచేతి అంచున ఉన్న నురగని తువ్వాలుకి తుడుచుకున్నాడు. ఫోన్ వెనక నిజార్ అప్పుడే నవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు.

"ఆ తోపుడుబండి మనిషిని నేనే," అన్నాడు శాద్లీ.

"అబ్బ! బాగుంది, బాగుంది, కానియ్."

"బండి కాదు. నా భుజంమీద మోసుకెళ్లాను. ఆస్పత్రి గేటు దగ్గర రేపు రమ్మన్నాడు. నేను నీ కన్నవాళ్లు చల్లగుండాలి అన్నాను. మర్నాడు వెళ్తే మళ్లీ రేపు రమ్మన్నాడు. మళ్లీ అన్నాను. నా భార్య లేచి చెప్పు విసరలేదు. పోయింది. ఆమె పేరు జలీలా."

ఎవరూ నవ్వలేదు. నిజార్ ఫోన్ దించలేదు. అతని కళ్లు పెద్దవయ్యాయి. ఆ కళ్లలో జాలి ఉంది, నిజం చెప్పాలంటే ఇంకోటి కూడా ఉంది. ఇంత పెద్ద సంగతి తన ఫోన్లో పడుతోందన్న సంబరం.

"అసలు మనిషి!" అని గొణిగాడు లమ్జద్, కుర్చీలోంచి సగం లేచి. "శాద్లీ! ఒరేయ్, నువ్వా! ఎందుకు చెప్పలేదురా ఇన్నాళ్లూ? నిజార్, ఆపకు. దేశమంతా చూడాలి ఇది. చెప్పు శాద్లీ, చెప్పు. వాళ్లు దాచింది నువ్వు చెప్పు."

ఆ మాటకి శాద్లీ గుండె ఒక్కసారి నిండింది. ఏడాది తర్వాత ఒక మనిషి అతన్ని చెప్పమన్నాడు. నాలుగు గోడల మధ్య కాదు, ఊరిమధ్య చెప్పమన్నాడు. ఫోన్ కెమెరాలోకి చూశాడు.

"ఆ రోజు ఆస్పత్రిలో ఉండాల్సిన డాక్టరు తన సొంత క్లినిక్లో ఉన్నాడు. ఆయన పేరు డాక్టర్ మున్సిఫ్ ఫర్హాత్."

సెలూన్లో రేడియో వినబడింది. అంతవరకూ అది మోగుతోందని ఎవరికీ తెలియదు.

మొదట కదిలింది లమ్జద్. "ఆపు," అన్నాడు. "నిజార్, ఆపు. ఆపమన్నానా!"

నిజార్ ఫోన్ దించాడు.

"చెరిపేయ్."

"మాస్టారూ..."

"చెరిపేయ్‌రా! ఎక్కడ పెడతావ్ దాన్ని, నా పేజీలోనా? నా పేరుమీద ఉంది పేజీ! పోయిన ఏడు ఒక్క వాక్యం రాసినందుకు పక్క ఊరి కుర్రాణ్ని ఇంట్లోంచి ఈడ్చుకెళ్లారు, మర్చిపోయావా?" అని శాద్లీవైపు తిరిగాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప తెల్లగా నురగతో. గొంతు మెత్తబరిచాడు. "అది కాదు శాద్లీ. నీ బాధ నాకు తెలీదా? కానీ పేరెందుకు చెప్పు? పేరు లేకుండా చెప్పు, ఇంకా బలంగా ఉంటుంది. 'ఒకానొక డాక్టరు' అను. మళ్లీ తీద్దాం. ఆ చల్లగుండాలి దగ్గర ఆపెయ్, చాలు. అక్కడే అసలు పట్టు ఉంది."

"పేరు చెప్పాలన్నావుగా," అన్నాడు శాద్లీ. "మొన్న ఈ కుర్చీలోనే అన్నావు."

"వాళ్లు చెప్పాలన్నాను! వాళ్లకి చానల్ ఉంది, లాయర్లు ఉన్నారు!"

నిజార్ తల వంచుకుని బొటనవేలితో తెరమీద ఏదో నొక్కాడు. అయిపోయిందన్నట్టు ఫోన్ జేబులో వేసుకున్నాడు. శాద్లీ మొహంకేసి చూడలేదు. "కొట్లో ఎవరో వచ్చినట్టున్నారు," అని వెళ్లిపోయాడు. ఎవరూ రాలేదు, కిటికీలోంచి అందరికీ కనబడుతూనే ఉంది.

తర్వాత బెంచీ మీద ఒకడికి బేకరీలో ట్రే మాడిపోతుందని గుర్తొచ్చింది. ఇంకొకడికీ ట్రేనే గుర్తొచ్చింది. అరుగుమీద ఉన్నవాళ్లకి లోపల ఏం జరిగిందో తెలియకపోయినా లోపలివాళ్ల మొహాలు చూసి లేచారు. పండగ ముందురోజు, అంత గిరాకీలో, ఆ సెలూన్ అంత తొందరగా ఖాళీ కావడం ఎవరూ చూసి ఉండరు.

లమ్జద్ మెడలో గుడ్డ తనే విప్పుకున్నాడు.

"ఇంకా ఎడమవైపు ఉంది," అన్నాడు శాద్లీ.

"ఇంటిదగ్గర చూసుకుంటాలే. బాంగు టైమయింది." బాంగుకి ఇంకా చాలా టైముంది. తువ్వాలుతో నురగ తుడుచుకుంటూ, సగం గడ్డంతో, గోడవారగా నడుచుకుంటూ వెళ్లాడు ఫిలాసఫీ మాస్టారు. ఎదురుగా వచ్చినవాడెవడో పలకరిస్తే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

హసూనా ఒక్కడే మిగిలాడు. చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు.

"మంచి మనిషి, జలీలా," అన్నాడు. "మా ఇంటికి అల్లం మురబ్బా పంపేది." లేచాడు. "మావాడి పిల్లకి ఆ ఆస్పత్రిలోనే ఉద్యోగం ఇప్పిస్తామన్నారు శాద్లీ. ఫర్హాత్ గారే అన్నారు. నేను ఇక్కడ ఉన్నానని..." మాట పూర్తిచెయ్యలేదు. గుమ్మం దాటేటప్పుడు అలవాటుగా ఆ మాట నోటిదాకా వచ్చినట్టుంది, మింగేశాడు.

శాద్లీ బ్రష్షు కడిగాడు. కత్తిలో బ్లేడు తీసి డబ్బాలో వేశాడు. నేలమీద వెంట్రుకలు ఊడ్చి ఒక మూలకి చేర్చాడు. ఏడుపొస్తుందేమోనని చూశాడు, రాలేదు. ఒళ్లంతా మంట, అంతే. అమ్ముడుపోయారని ఎవర్ని తిట్టారో వాళ్లు కనీసం డబ్బు తీసుకుని అమ్ముడుపోయారు. వీళ్లు ఉత్తపుణ్యానికి అమ్ముడుపోయారు.

ఇంటికొచ్చాక సిహెమ్‌కి గేటు దగ్గర జరిగినదంతా మొదటినుంచీ చెప్పాడు. తను ఏమన్నాడో, జలీలా ఏమందో, తిరిగొచ్చేటప్పుడు దారిలో ఎక్కడెక్కడ ఆగారో. తర్వాత సెలూన్లో జరిగింది కూడా చెప్పాడు. ఆమె అంతా అయ్యాక, "పేరు పైకి చెప్పారా? అందరిముందూ?" అంది.

"చెప్పాను."

లేచి వచ్చి అతని తల తన పొట్టకి ఆనించుకుంది, చిన్నపిల్లాణ్ని పట్టుకున్నట్టు.

పండగ పొద్దున నమాజు అయ్యాక మసీదు బయట వరసలు కట్టారు. ఒకరి తర్వాత ఒకరు కావలించుకుని, తెలిసీ తెలియక ఏమైనా అని ఉంటే మన్నించమని చెప్పుకోవడం ఆనవాయితీ. మనసులో ఏమీ లేనివాడూ అంటాడు, కత్తి నూరుతున్నవాడూ అంటాడు. శాద్లీ వరసలో నిలబడ్డాడు. కొందరు అతన్ని చూసి వేరే వరసలోకి జరిగారు. అతను చూసీ చూడనట్టు ఉన్నాడు.

లమ్జద్ మాత్రం తప్పించుకోలేకపోయాడు. ముందువాడు పక్కకి తప్పుకోగానే ఎదురుగా శాద్లీ. కొత్త చొక్కా, అత్తరు. ఎడమచెంప తనే గీసుకున్నట్టున్నాడు, దవడకింద పొడుగ్గా తెగి, రక్తం కట్టి ఉంది. చేతులు చాచాడు. కావలించుకున్నారు.

"పండగ శుభాకాంక్షలు శాద్లీ. ఏమైనా అని ఉంటే మన్నించు," అన్నాడు పైకి, అందరికీ వినబడేలా. తర్వాత చెవి దగ్గర, గాలంత సన్నగా, "నిన్న నువ్వు ఆ పేరు అన్నప్పుడు నేను అక్కడున్నానని ఎవరితోనూ అనవుగా?" అన్నాడు.

శాద్లీ అతని భుజాలు పట్టుకుని కాస్త దూరం జరిపి మొహంలోకి చూశాడు. నిన్నటి మంట కూడా లేదు. ఆ మనిషి కళ్లలో ఉన్న భయం అతను బాగా ఎరిగినదే. ఆస్పత్రి గేటు దగ్గర తన కళ్లలోనూ అదే ఉండి ఉంటుంది. అందుకే జాలి కూడా కలిగింది, కానీ ఎక్కువసేపు నిలవలేదు.

"అంటాను," అన్నాడు.

"ఏంటీ?"

"జలీలా ఎలా పోయిందని ఎవరడిగినా ఫర్హాత్ పేరు చెప్తాను. ఆ పేరు వినలేక సగం గడ్డంతో లేచిపోయింది ఎవరని అడిగితే నీ పేరు చెప్తాను." గొంతు పెంచలేదు, తగ్గించనూ లేదు. చుట్టుపక్కల నలుగురికి మామూలుగా వినబడింది.

లమ్జద్ చెయ్యి చెంపమీది గాటు దగ్గరికి వెళ్లింది. చుట్టూ చూశాడు. వెనకనుంచి జనం తోస్తున్నారు. అతను పక్కకి జరిగాడు. వరసలో తర్వాతి మనిషి ఒక్క క్షణం తటపటాయించి, చేతులు చాచాడు.